స్కాన్ నొక్కడం వచ్చింది, దాన్ని చదవడం ఎలా?

ప్రశ్న: సార్, మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో మాన్యువల్ టెస్టర్‌గా చేస్తున్నాను. సెక్యూరిటీ వైపు మారాలని అమీర్‌పేటలో వీకెండ్ కోర్సు చేశాను. సర్వర్లు, వెబ్‌సైట్లలో లోపాలు వెతికే ఎన్‌మ్యాప్, నెస్సస్, మెటాస్ప్లాయిట్, ఎస్‌క్యూఎల్‌మ్యాప్, జాప్ టూల్స్ అన్నీ చూపించారు. కమాండ్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ సంగతి తెలిసి మా మేనేజర్ ఒక క్లయింట్ వెబ్‌సైట్‌ను రిలీజ్‌కు ముందు స్కాన్ చేసి రిపోర్ట్ ఇమ్మన్నారు. స్టేజింగ్ సర్వర్ (లైవ్‌కు ముందు పరీక్షించుకునే సర్వర్) మీద జాప్‌తో ఆటోమేటెడ్ స్కాన్ పెట్టి ఇంటికెళ్లిపోయాను. పొద్దున చూస్తే వందకు పైగా అలర్ట్‌లు. అన్నీ పీడీఎఫ్ చేసి పంపాను. "వీటిలో ఒక్కటైనా నువ్వు చెక్ చేశావా?" అని డెవలపర్లు అడిగితే నోట మాట రాలేదు. అది చాలదన్నట్టు కాంటాక్ట్ ఫారం నుంచి క్లయింట్ ఇన్‌బాక్స్‌కు రాత్రంతా వందల మెయిళ్లు వెళ్లాయట. అప్పట్నుంచి స్కాన్ అంటేనే టెన్షన్. అసలు ఏ టూల్ ముందు నేర్చుకోవాలి? ఎలా నేర్చుకోవాలి? మా బావ ఒక స్కూల్ ఆఫీసులో పనిచేస్తాడు. వాళ్ల వెబ్‌సైట్ కూడా ఒకసారి స్కాన్ చేసి చూడమంటున్నాడు, చేయొచ్చా? ఇంతా చేస్తే, రేపు ఏఐ వచ్చి ఈ పనంతా అదే చేసేస్తుందంటున్నారు. నా శ్రమ దండగేనా?
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ మెయిళ్ల గొడవ తేల్చుకుందాం. మీరు అనుకుంటున్నంత ఘోరమేమీ జరగలేదు. పైగా మీ స్కాన్‌లో బయటపడ్డ అసలైన లోపం అదే. మీ పీడీఎఫ్‌లో లేనిది కూడా అదే.

జాప్‌లో ఆటోమేటెడ్ స్కాన్ నొక్కితే రెండు పనులు జరుగుతాయి. మొదట స్పైడర్ సైట్‌లో కనిపించిన ప్రతి లింకునూ పట్టుకుని పోతుంది. ఆ తర్వాత యాక్టివ్ స్కాన్ మొదలవుతుంది. అది దొరికిన ప్రతి ఫారంలోని ప్రతి గడినీ తీసుకుని, తన దగ్గరున్న ఒక్కో రూల్ ప్రకారం ఒక్కో రకం పిచ్చి ఇన్‌పుట్ నింపి సబ్మిట్ కొడుతుంది. మీ కాంటాక్ట్ ఫారంలో పేరు, ఫోన్, మెయిల్, మెసేజ్ అని నాలుగు గడులున్నాయనుకోండి. పేరు గడిలో ఒక కొటేషన్ గుర్తు పెట్టి ఒకసారి, స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి ఒకసారి, సర్వర్‌లోని ఏదో ఫైలు పేరు పెట్టి ఒకసారి, ఇలా రూల్స్ అన్నీ అయ్యాక మళ్లీ ఫోన్ గడితో మొదలు. మనిషైతే కాసేపటికి విసుగొచ్చి ఆపేస్తాడు. దానికి విసుగు లేదు. సర్వర్ లెక్కలో ప్రతి సబ్మిట్టూ ఎవరో కస్టమర్ రాసిన మెసేజే కాబట్టి ప్రతిదానికీ ఒక మెయిల్ పంపుకుంటూ పోయింది.

ఇప్పుడు దీన్ని టెస్టర్‌గా చూడండి. స్టేజింగ్ సర్వర్‌కు క్లయింట్ అసలు మెయిల్ ఐడీ తగిలించి ఉంది. అది మీరు తగిలించింది కాదు. రెండోది, ఒకే మెషిన్ నుంచి రాత్రంతా వందల సబ్మిట్లు వస్తున్నా ఆ ఫారం అడ్డు చెప్పలేదు. క్యాప్చా లేదు, నిమిషానికి ఇన్నే అన్న లిమిట్ లేదు. సైట్ లైవ్‌లోకి వెళ్లాక ఏ ఆకతాయి అయినా ఇదే పని చేసి వాళ్ల ఇన్‌బాక్స్ నింపేయొచ్చు. ఈ రెండు ముక్కలూ మీ రిపోర్ట్ మొదటి పేజీలో ఉండుంటే డెవలపర్లు ఆ ప్రశ్న అడిగేవాళ్లు కాదు, టికెట్ ఓపెన్ చేసుకునేవాళ్లు.

మీరు తప్పు టూల్ ఎంచుకోలేదు. జాప్ మంచి టూల్, ఉచితం, మీ పనికి సరిగ్గా సరిపోయేది. అది అవతలి సర్వర్‌ను ఏం అడుగుతోందో, సర్వర్ ఏం జవాబిస్తోందో మీకు కనబడలేదు, అంతే. ఆ రెండూ చదవడం వస్తే ఏ టూల్ అయినా మీ చేతిలో పనిముట్టు. రాకపోతే నెస్సస్ నుంచి మెటాస్ప్లాయిట్ దాకా అన్నీ పీడీఎఫ్ తయారుచేసే మిషన్లే. కాబట్టి నేను ఈ జవాబులో టూల్స్ జాబితా ఇవ్వడం లేదు. అది మీ నోట్‌బుక్‌లో ఇప్పటికే ఉంది.

జాప్‌తోనే మొదలుపెడదాం, చేతిలో ఉంది కాబట్టి. అందులో ప్యాసివ్ స్కాన్, యాక్టివ్ స్కాన్ అని రెండున్నాయి. ప్యాసివ్ స్కాన్ ఏ దాడీ చేయదు. వచ్చిపోయే రిక్వెస్టులు, రెస్పాన్సులు చూస్తూ కూర్చుని "ఇక్కడ ఈ హెడర్ (పేజీతో పాటు సర్వర్ పంపే సూచన లైను) లేదు, ఈ కుకీకి ఈ ఫ్లాగ్ లేదు" అని రాసుకుంటుంది. యాక్టివ్ స్కాన్ నిజంగా దాడి చేస్తుంది. మీరు పెట్టింది ఆ రెండోది. ఇకముందు కొత్త సైట్ ఏదైనా ముట్టుకునే ముందు పైన ఉన్న మోడ్‌ను ప్రొటెక్టెడ్‌కు మార్చండి. అప్పుడు మీరు స్కోప్‌లో పెట్టిన అడ్రసుల మీద తప్ప ప్రమాదకరమైన పనులేవీ చేయనివ్వదు. తర్వాత కాంటెక్స్ట్‌లోకి వెళ్లి కొన్ని లింకులను మినహాయించండి: మెయిల్ పంపే ఫారంలు, ఎస్ఎంఎస్ ఓటీపీ పంపే పేజీ, పేమెంట్, లాగౌట్, డిలీట్. లాగౌట్ ఎందుకంటే, స్పైడర్ దాన్ని కూడా నొక్కేస్తుంది. అక్కడితో సెషన్ పోతుంది, మిగతా రాత్రంతా లాగిన్ పేజీనే తిప్పి తిప్పి స్కాన్ చేస్తుంది. డిలీట్ సంగతి చెప్పక్కర్లేదు. అడ్మిన్ లాగిన్ ఇచ్చి యాక్టివ్ స్కాన్ వదిలితే పొద్దున్నకి డేటాబేస్‌లో ఏం మిగిలిందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక ఆ వంద పైచిలుకు అలర్ట్‌లు. వాటిని రకాలుగా విడగొట్టి చూడండి. ఎక్కువ భాగం ఒకే హెడర్ లేదన్న ఫిర్యాదు పేజీకొకసారి వచ్చి ఉంటుంది. ఉదాహరణకు ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్ హెడర్ లేదు అనేది. సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఒక్క లైను పెడితే అన్నీ ఒకేసారి పోతాయి. రిపోర్ట్‌లో దానికి ఒక్క వరుస చాలు. నిజమో కాదో చూడటం కూడా తేలికే. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీ రిఫ్రెష్ చేసి, మొదటి రిక్వెస్ట్ మీద క్లిక్ చేస్తే రెస్పాన్స్ హెడర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ఉందా లేదా మీ కళ్లతో మీరే చూడొచ్చు.

ప్రతి అలర్ట్‌కూ రిస్క్ అని ఒకటి, కాన్ఫిడెన్స్ అని ఒకటి ఉంటాయి. చాలామంది మొదటిదే చూసి కంగారు పడతారు. రిస్క్ అంటే, ఇది నిజమైతే నష్టం ఎంత అన్నది. కాన్ఫిడెన్స్ అంటే, ఇది నిజమేనని టూల్‌కు ఎంత నమ్మకం ఉందన్నది. రిస్క్ హై, కాన్ఫిడెన్స్ లో అని వచ్చిందంటే "పెద్ద విషయమే కావచ్చు, నాకు మాత్రం గ్యారంటీ లేదు, మీరే చూసుకోండి" అని టూల్ ముందే చేతులెత్తేసినట్టు. దాన్ని చూడకుండా పీడీఎఫ్‌లో ఎర్ర రంగుతో పంపితే డెవలపర్లకు ఒళ్లు మండదా మరి.

ఒక అలర్ట్ దగ్గరగా చూద్దాం. టైమ్ ఆధారిత ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (ఇన్‌పుట్‌లో డేటాబేస్ కమాండ్ దూర్చే దాడి) అని వచ్చిందనుకోండి. టూల్ చేసింది ఇది: ఒక పెరామీటర్‌లో డేటాబేస్‌ను కొన్ని సెకన్లు నిద్రపొమ్మని చెప్పే ముక్క పెట్టి పంపింది. జవాబు ఆలస్యంగా వచ్చింది. "నా మాట డేటాబేస్ వింది, కాబట్టి ఇంజెక్షన్ ఉంది" అనుకుంది. కానీ మీ స్టేజింగ్ సర్వర్ చిన్నది, అప్పటికే స్కాన్ దెబ్బకు ఆయాసపడుతోంది, మామూలు పేజీకే పది సెకన్లు తీసుకుంటోంది. ఆలస్యం అందుకే అయి ఉండొచ్చు. మరి తేల్చడం ఎలా? స్కాన్ ఆపేయండి. ఆ ఒక్క రిక్వెస్ట్‌నే జాప్‌లోని రిక్వెస్ట్ ఎడిటర్‌లో తెరిచి చేత్తో పంపండి. నిద్ర సున్నా సెకన్లు పెట్టి ఒకసారి, ఐదు పెట్టి ఒకసారి, పది పెట్టి ఒకసారి. జవాబు వచ్చే టైమ్ కూడా అదే లెక్కన పెరుగుతూ పోతే అది నిజం. ఎంత పెట్టినా ఒకేలా వస్తే సర్వర్ నెమ్మది, అంతే. ఇంత చేసి "మూడుసార్లు ఇలా పంపాను, ఇన్ని సెకన్లకు జవాబొచ్చింది" అని రాస్తే ఏ డెవలపరూ నవ్వడు.

నెట్‌వర్క్ వైపు ఇలాంటిదే ఇంకోటి ఉంది, వీఏపీటీ (లోపాలు వెతికి, దాడి చేసి పరీక్షించే) ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మీకు ఎదురవుతుంది. స్కానర్ ఒక ఉబుంటు లినక్స్ సర్వర్‌ను చూసి "ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే సాఫ్ట్‌వేర్) 8.2, పాతది, ఇన్ని లోపాలున్నాయి" అని చెబుతుంది. అదెలా తెలిసింది? 22వ పోర్టుకు కనెక్ట్ కాగానే సర్వర్ తన పేరు, వెర్షన్ తానే చెబుతుంది. టూల్ ఆ నంబరును తన జాబితాతో పోల్చి చూసుకుంటుంది. అయితే ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ వాళ్లు లోపం బయటపడ్డ ప్రతిసారీ కొత్త వెర్షన్‌కు మారరు. ఆ పాత వెర్షన్‌లోనే ఆ లోపం వరకు సరిచేసి, వెనకాల తమ ప్యాకేజీ నంబరు మాత్రం పెంచుతారు. ముందున్న 8.2 అలాగే ఉంటుంది. బయట నుంచి చూసే స్కానర్‌కు పాత నంబరే కనిపిస్తుంది. లోపలికి లాగిన్ అయి ప్యాకేజీ వెర్షన్ చూస్తే, ఆప్ట్ చేంజ్‌లాగ్ కమాండ్‌తో ఆ ప్యాకేజీ మార్పుల చిట్టా తెరిస్తే, ఏ లోపం ఎప్పుడు సరిచేశారో వరుసగా రాసి ఉంటుంది. నెస్సస్‌కు సర్వర్ లాగిన్ ఇచ్చి క్రెడెన్షియల్డ్ స్కాన్ పెడితే ఆ పని అదే చేస్తుంది. లాగిన్ లేకుండా తీసిన నెస్సస్ రిపోర్ట్‌ను యథాతథంగా క్లయింట్‌కు పంపే కంపెనీలు మన దగ్గర తక్కువేం లేవు. మీరు అలాంటి చోట చేరితే, ఈ ఒక్క విషయం తెలిసినందుకే నలుగురిలో వేరుగా కనిపిస్తారు.

టూల్ లేనిది ఉందనడం వల్ల పరువు పోతుంది. ఉన్నది లేదనడం వల్ల కంపెనీయే పోవచ్చు. అమెరికాలో ఎక్విఫాక్స్ అని క్రెడిట్ స్కోర్ల కంపెనీ ఉంది. 2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద లోపానికి ప్యాచ్ వచ్చింది. ఎక్విఫాక్స్ లోపల వందల మందికి మెయిల్ వెళ్లింది. మార్చి 15న స్కాన్ కూడా చేశారు. ఏమీ దొరకలేదు. వాళ్లు ఫిర్యాదులు తీసుకునే వెబ్ పోర్టల్‌లో ఆ పాత స్ట్రట్స్ అలాగే ఉంది. స్కానర్ పైనున్న రూట్ డైరెక్టరీ వరకే చూసింది, స్ట్రట్స్ ఉన్నది కింద ఇంకో డైరెక్టరీలో. మే నెలలో దొంగలు అదే దారిన లోపలికొచ్చారు. జులై చివరిదాకా ఎవరికీ తెలియలేదు. 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. అక్కడ టూల్ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగింది ఒకటి, జనం అర్థం చేసుకున్నది ఇంకొకటి. కాబట్టి రిపోర్ట్‌లో "లోపాలు లేవు" అని ఎప్పుడూ రాయకండి. ఏ అడ్రసులు చూశారో, ఏ లాగిన్‌తో చూశారో, ఏవి చూడలేదో రాయండి. ఎన్‌మ్యాప్ కూడా అంతే. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే అది ఎక్కువగా వాడే 1000 టీసీపీ పోర్టులే చూస్తుంది. మొత్తం 65,535. యూడీపీ జోలికే పోదు. "ఓపెన్ పోర్టులు మూడే" అని మీరు రాస్తే, చూసిన వెయ్యిలో మూడు అన్నమాట.

ఇప్పుడు మీకు అసలు బలం ఎక్కడుందో చెబుతాను. మీరు మాన్యువల్ టెస్టర్. కోర్సులో పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లకు లేనిది మీకుంది. ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్, యాక్చువల్ రిజల్ట్, మళ్లీ అదే జరిగేలా చూపించే స్టెప్స్, ఇవన్నీ మీకు రోజూ చేసే పని. మంచి పెన్‌టెస్ట్ (అనుమతితో దాడి చేసి చూసే పరీక్ష) రిపోర్ట్ అంటే అదే కదా. పైగా ఆ అప్లికేషన్ ఏం చేయాలో మీకు తెలుసు, స్కానర్‌కు తెలియదు.

2019 మేలో ఫస్ట్ అమెరికన్ అనే టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ వ్యవహారం బయటపడింది. ఇళ్ల కొనుగోళ్ల పత్రాలు, బ్యాంకు వివరాలు, పన్ను కాగితాలు, మొత్తం 88 కోట్ల 50 లక్షల ఫైళ్లు. హ్యాకింగ్ ఏమీ అక్కర్లేదు. వాళ్లు పంపిన డాక్యుమెంట్ లింకులో చివరనున్న నంబరులో ఒక అంకె మారిస్తే పక్కవాళ్ల డాక్యుమెంట్ తెరుచుకునేది. లాగిన్ కూడా అడగలేదు. స్కానర్ దృష్టిలో ఇందులో తప్పేముంది? పేజీ అడిగింది, 200 ఓకే అని జవాబొచ్చింది, ఎర్రర్ లేదు. ఆ పత్రం నాది కాదన్న సంగతి దానికెలా తెలుస్తుంది? మీకైతే తెలుస్తుంది. రెండు అకౌంట్లు పెట్టుకుని, ఒకదాంట్లో ఇన్‌వాయిస్ తెరిచి, ఆ లింకు ఇంకోదాంట్లో అతికిస్తే తేలిపోతుంది. మీరు రోజూ రాసే టెస్ట్ కేసుల్లో ఇంకో వరుస, అంతే. ఆ కంపెనీ సెక్యూరిటీ సిబ్బంది ఈ లోపాన్ని 2019 జనవరి నాటికే గుర్తించారని, సరిచేయకుండా వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ రెగ్యులేటర్ తర్వాత తేల్చింది. మనుషులు పట్టుకున్నారు, మనుషులే పక్కన పడేశారు.

సరే, నేర్చుకోవడం ఎలా అన్నారు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకోండి, ఒకే ల్యాప్‌టాప్‌లో వేరే మెషిన్లు నడిపే సాఫ్ట్‌వేర్ అది. అందులో సెక్యూరిటీ టూల్స్‌తో వచ్చే కాలీ లినక్స్ ఒక మెషిన్, మెటాస్ప్లాయిటబుల్ 2 ఇంకో మెషిన్. రెండోది కావాలనే లోపాలతో తయారుచేసింది. అందుకే దాన్ని హోస్ట్-ఓన్లీ (మీ ల్యాప్‌టాప్ దాటని) నెట్‌వర్క్‌లోనే పెట్టండి, హాస్టల్ వైఫైకి మాత్రం తగిలించకండి. 8 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది.

కోర్సులో మీకు వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే) సర్వర్ మీద దాడి చూపించే ఉంటారు, చూపించని ఇన్‌స్టిట్యూట్ లేదు. మెటాస్ప్లాయిట్‌లో మాడ్యూల్ పేరు కొట్టడం, ఆర్‌హోస్ట్ పెట్టడం, ఎక్స్‌ప్లాయిట్ అనడం, షెల్ రావడం, క్లాసంతా చప్పట్లు. ఇప్పుడు మెటాస్ప్లాయిట్ మూసేసి అదే పని చేత్తో చేయండి. ఆ లోపం కథ ఇది: 2011లో ఎవరో ఆ ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ సైట్‌లోకి దూరి, అసలు ఫైలు బదులు దొంగదారి కలిపిన ఫైలు పెట్టారు. యూజర్ నేమ్‌లో ఒక నవ్వుముఖం, అంటే కోలన్, దాని పక్కన మూసే బ్రాకెట్ వస్తే, సర్వర్ 6200వ పోర్టు తెరిచి రూట్ షెల్ ఇచ్చేస్తుంది. కాబట్టి మీ కాలీ నుంచి నెట్‌క్యాట్‌తో 21వ పోర్టుకు కనెక్ట్ అవ్వండి. యూజర్ అని కొట్టి ఏదో ఒక పేరు, చివర ఆ రెండు గుర్తులు. పాస్‌వర్డ్ ఏదైనా సరే. ఇంకో విండోలో 6200వ పోర్టుకు కనెక్ట్ అయి ఐడీ అని కొట్టండి. రూట్ అని వస్తుంది. పక్కన నెట్‌వర్క్ ట్రాఫిక్ చూపించే వైర్‌షార్క్ నడుస్తుంటే ఇదంతా అక్షరం అక్షరం కనిపిస్తుంది. ఇది అయ్యాక మళ్లీ మెటాస్ప్లాయిట్ తెరిచి ఆ మాడ్యూల్ సోర్స్ చదవండి. చిన్న ఫైలే. మీరు చేత్తో చేసిందే అందులో రూబీలో రాసి ఉంటుంది. ఇంటర్వ్యూలో "ఈ ఎక్స్‌ప్లాయిట్ ఎలా పనిచేస్తుంది?" అని అడిగితే ఇక తడుముకోరు.

ప్రతి టూల్‌నూ ఇలాగే పట్టండి. ఒక విండోలో టూల్, పక్క విండోలో అవతలి మెషిన్ లాగ్. నిక్టో అనే వెబ్ స్కానర్ నడుపుతూ అపాచీ వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌ను టెయిల్ చేసి చూస్తే, అది ఎన్ని పాత ఫైళ్ల పేర్లు ఊహించి అడుగుతోందో వానలా కురుస్తూ కనిపిస్తుంది. ఎన్‌మ్యాప్‌కు --రీజన్ ఆప్షన్ ఇస్తే, ఒక పోర్టు ఓపెన్ అని ఎందుకు అనుకుందో కారణం పక్కనే చెబుతుంది. ఎస్‌క్యూఎల్‌మ్యాప్‌కు వెర్బోస్ లెవెల్ 3 ఇస్తే పంపే ప్రతి పేలోడూ చూపిస్తుంది.

ఎస్‌క్యూఎల్‌మ్యాప్ గురించి ఇంకో మాట. మీ నోట్‌బుక్‌లో --బ్యాచ్, లెవెల్ 5, రిస్క్ 3 అని ఉంటే ఆ లైను కొట్టేయండి. బ్యాచ్ అంటే అది అడిగే ప్రశ్నలన్నిటికీ చదవకుండా తలూపడం. రిస్క్ 3 ఇంకా ప్రమాదం. అందులో "లేదా ఇది నిజమైతే" అన్న ఓఆర్ కండిషన్లు కలుస్తాయి. ఆ పెరామీటర్ వెనకాల ఉన్నది డేటా చదివే క్వెరీ అయితే సరే. అప్‌డేట్ క్వెరీ అయిందనుకోండి, ఒక కస్టమర్ అడ్రస్ మార్చాల్సింది టేబుల్‌లోని అందరి అడ్రసులూ మార్చేస్తుంది. ఈ హెచ్చరిక వాళ్ల మాన్యువల్‌లోనే ఉంది. ఇన్‌స్టిట్యూట్ నోట్స్‌లో ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వెబ్ వైపు కావాలనే లోపాలతో చేసిన ప్రాక్టీస్ సైట్లు డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్ రెండూ ఉచితమే. డీవీడబ్ల్యూఏలో ప్రతి లోపానికీ లో నుంచి ఇంపాజిబుల్ దాకా లెవెల్స్, ప్రతి లెవెల్‌కూ సోర్స్ చూపించే బటన్ ఉంటాయి. కోడ్ చదివి తేడా పట్టుకోండి, అదే సగం చదువు. జ్యూస్ షాప్ మీద ముందు జాప్ స్కాన్ పెట్టి ఏం దొరికాయో రాసుకోండి. తర్వాత ఇంకొకరి బుట్టలో ఏముందో చూసే ఛాలెంజ్ మీరే చేయండి. స్కానర్ దాన్ని పట్టుకుందా లేదా పోల్చి చూసుకోండి. పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ పాఠాలు, ల్యాబ్‌లు కూడా ఉచితం. డబ్బు పెట్టి ఇంకో కోర్సులో చేరే ముందు అవి పూర్తిచేయండి.

సర్టిఫికెట్ల గురించి మీరు అడగలేదు, కానీ అడుగుతారని తెలుసు. ఓఎస్‌సీపీ అనే పెన్‌టెస్టింగ్ సర్టిఫికెట్ పరీక్ష 23 గంటల 45 నిమిషాలు ఉంటుంది, ఆ తర్వాత రిపోర్ట్ రాయడానికి ఇంకో రోజు. అందులో ఎస్‌క్యూఎల్‌మ్యాప్ నిషేధం. నెస్సస్, ఓపెన్‌వాస్ లాంటి స్కానర్లు నిషేధం. మెటాస్ప్లాయిట్ ఒకే ఒక మెషిన్ మీద వాడుకోవచ్చు. చేతిపని రానివాళ్లను వడగట్టడానికే ఈ షరతులన్నీ. రిజ్యూమేలో టూల్స్ పేర్లు ఇరవై రాసినా అక్కడ అక్కరకు రావు.

ఇక మీ బావ గారి స్కూల్. నేరుగా చెబుతున్నాను, ఆయన మాట మీద స్కాన్ పెట్టకండి. ఆ వెబ్‌సైట్ ఆయనది కాదు, ఆయన అక్కడ ఉద్యోగి. మన ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్, యజమాని లేదా ఇన్‌ఛార్జి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం, దాని పనికి అంతరాయం కలిగించడం లాంటివాటికి నష్టపరిహారం కట్టాలంటుంది. అదే పని మోసపూరితంగానో, దురుద్దేశంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఉద్దేశం మంచిదే అని మీకు తెలుసు, బావకు తెలుసు. స్కాన్ పెట్టిన రోజే సైట్ పడిపోయి, ఫీజులు కట్టే చివరి తేదీ కూడా ఆ రోజే అయితే, స్కూల్ కరస్పాండెంట్‌కు ఎవరు చెబుతారు? పైగా చిన్న స్కూళ్ల సైట్లు ఎక్కువగా షేర్డ్ హోస్టింగ్ మీదుంటాయి. ఒకే సర్వర్ మీద ఇంకెన్నో సైట్లు. మీ స్కాన్ దెబ్బ ముక్కూమొహం తెలియని వాళ్ల సైట్లకూ తగులుతుంది.

అనుమతి కాగితం ఉంటే చాలా అంటే, అది ఎవరిచ్చారన్నది కూడా చూడాలి. 2019 సెప్టెంబర్‌లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇద్దరు పెన్‌టెస్టర్లు రాత్రిపూట ఒక కౌంటీ కోర్టు భవనంలోకి వెళ్లి, భద్రత ఎలా ఉందో పరీక్షిస్తూ అరెస్టయ్యారు. వాళ్లను పెట్టుకుంది రాష్ట్ర న్యాయవ్యవస్థ యంత్రాంగం, జేబులో లెటర్ కూడా ఉంది. భవనం మాత్రం కౌంటీది, అనుమతి ఇచ్చే హక్కు రాష్ట్రానికి లేదని అక్కడి షెరీఫ్ అన్నాడు. ఆ రాత్రి జైల్లోనే గడిపారు. కేసులు కొట్టేసింది 2020 జనవరిలో. అనుభవజ్ఞులైన కంపెనీ వాళ్లకే ఇలా అయింది. స్కూల్ మేనేజ్‌మెంట్ లెటర్‌హెడ్ మీద, ఏ అడ్రసులు, ఏ తేదీలు, ఏ టైమ్, మీరు ఏ ఐపీ నుంచి చేస్తారు, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పనులు చేయకూడదు అని రాసి సంతకం పెడితే అప్పుడు ఆలోచించండి. హోస్టింగ్ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

మీ బావకు నిజంగా సాయం చేయాలంటే స్కాన్ కన్నా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఆ సైట్ వర్డ్‌ప్రెస్ అయితే ప్లగిన్లు అప్‌డేట్ చేయించండి, వాడనివి తీసేయించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ స్కూల్ పేరు, దాని పక్కన 123 ఉంటుంది, మార్చించండి. టూ-ఫ్యాక్టర్ పెట్టించండి. బ్యాకప్ ఉందా, దాన్ని తిరిగి ఎక్కించి చూశారా అని అడగండి. ఇవన్నీ వాళ్ల లాగిన్‌తో వాళ్లే చేసుకునేవి, మీరు పక్కన కూర్చుని చెబితే చాలు.

చివరగా ఏఐ. ఈ భయం కొత్తదేం కాదు. 1995లో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా కలిసి సేటన్ అనే స్కానర్‌ను ఉచితంగా వదిలితే, ఇక ప్రతివాడూ హ్యాకరే అని గగ్గోలు పుట్టింది. (పేరు నచ్చనివాళ్ల కోసం, దాన్ని శాంటా అని మార్చుకునే చిన్న స్క్రిప్ట్ కూడా జతచేశారు.) ఆ తర్వాత నెస్సస్, మెటాస్ప్లాయిట్ వచ్చినప్పుడూ ఇదే మాట. 2025లో ఎక్స్‌బో అనే ఏఐ వ్యవస్థ హ్యాకర్‌వన్ అనే బగ్ బౌంటీ (లోపాలు పట్టిచ్చినవాళ్లకు డబ్బిచ్చే) వేదిక అమెరికా లీడర్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. అది నిజమే, చిన్న విషయమూ కాదు. అయితే ఆ రిపోర్ట్‌లను పంపే ముందు ఆ కంపెనీ మనుషులు చూసి సరిచూసేవాళ్లు. ఇంకోవైపు, కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ను నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించి పంపే బూటకపు రిపోర్ట్‌లతో తన టీమ్ సమయమంతా పోతోందని బహిరంగంగానే మొత్తుకున్నాడు. వాటిని పంపినవాళ్లూ చెక్ చేయకుండానే పంపారు. మిమ్మల్ని డెవలపర్లు అడిగిన ప్రశ్నే ఆయనా అడుగుతున్నాడు.

హెడర్లు లెక్కపెట్టే పని, వెర్షన్లు పోల్చే పని పోతాయి, పోనివ్వండి. దొరికింది నిజమో కాదో తేల్చడం, అది ఈ క్లయింట్‌కు ఎంత నష్టమో చెప్పడం, ఎక్కడ చూడలేదో ఒప్పుకోవడం ఇంకా చాలాకాలం మనిషి చేయాల్సినవే. మీరు ఏఐని వాడండి కూడా. అర్థం కాని పేలోడ్ ఇచ్చి వివరించమనండి. క్లయింట్ డేటా, రిక్వెస్ట్‌లోని కుకీలు, టోకెన్లు మాత్రం అందులో అతికించకండి.

ఇప్పుడు ఆఫీసులో చేయాల్సింది. మేనేజర్ దగ్గరికి వెళ్లి ఆ పాత రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నానని, సరిచూసి కొత్తది ఇస్తానని చెప్పండి. రకానికొకటి చొప్పున అలర్ట్‌లు తీసుకుని, ఒక్కోటీ చేత్తో మళ్లీ చేసి చూడండి. నిలబడ్డవాటికి రిక్వెస్ట్, రెస్పాన్స్, స్టెప్స్ పెట్టండి. నిలబడనివాటిని జాప్‌లోనే ఫాల్స్ పాజిటివ్ అని మార్క్ చేసి, ఎందుకో ఒక లైను రాయండి. మొదటి వరుసలో కాంటాక్ట్ ఫారం, రెండో వరుసలో స్టేజింగ్ మెయిల్ సెట్టింగ్. రిపోర్ట్ రెండు పేజీలు దాటకపోయినా ఫర్వాలేదు. మళ్లీ స్కాన్ పెట్టే ముందు డెవలపర్లకు టైమ్ చెప్పి, వాళ్లు ఆఫీసులో ఉన్నప్పుడే పెట్టండి, లాగ్ తెరిచి పక్కనే కూర్చోండి. రాత్రికి వదిలేసి ఇంటికెళ్లకండి.